చెట్టికరై పరిసరాల తెలుగు కుటుంబాలు: పూర్వీకుల ఆచూకీకి ఆధారాలు

అయిదారు తరాల కిందటి బంధువు ఒకరు ఏ ఊళ్లో పుట్టారు, ఏ పొలం దున్నారు, ఎవరిని పెళ్లాడారు, ఎక్కడ కన్నుమూశారు అన్న సంగతులను పెద్దల మాటల నుంచీ పాత కాగితాల నుంచీ తేల్చుకునే పనిని వంశ చరిత్ర అన్వేషణ అంటారు. రాజుల వంశావళులను శాసనాలు మోశాయి. రైతు, నేతగాడు, చెప్పులు కుట్టేవాడు, కూలి మనిషి మాత్రం పన్ను కట్టినప్పుడో, పొలం అమ్మినప్పుడో, ఓడ ఎక్కినప్పుడో మాత్రమే కాగితం మీదికి వచ్చారు. ఆ కాస్త జాడలోనుంచే ఒక జీవితాన్ని తిరిగి కూర్చాలి.

తమిళనాడులోని ధర్మపురి పట్టణానికి సమీపంలో ఉన్న గ్రామం చెట్టికరై. 2013లో ఏర్పడిన ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉండటం వల్ల ఈ పేరు ఇటీవల బయటివారికి కూడా తెలిసింది. ఈ ప్రాంతంలో తమిళంతో పాటు తెలుగు, కన్నడం ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళం చదువుకుని, దస్తావేజులన్నీ తమిళంలోనే రాయించుకున్న కుటుంబాలవి. వాటి పూర్వీకుల ఆచూకీకి ఏ ఆధారాలు ఉన్నాయి, వాటిని ఎలా చదవాలి అన్నది ఈ వ్యాస విషయం. ఇక్కడి అన్వేషణకు మొదటి సూత్రం ఒకటే: మనిషి పేరు కంటే ఊరి పేరు గట్టి ఆధారం.

పాలనా నేపథ్యం

ధర్మపురి పాత పేరు తగడూరు. అదియమాన్ల రాజధానిగా సంగ సాహిత్యంలో దీనికి చోటుంది. పశువుల మందలను కాపాడుతూ పోరులో పడిపోయినవారికి నిలిపిన వీరగల్లులు ఈ జిల్లాలో పుష్కలంగా దొరికాయి. కొన్నిటిని ధర్మపురి మ్యూజియంలో చూడవచ్చు. సామాన్యుడి పేరు రాతికెక్కిన తొలి ఆధారాల్లో ఇవి ఉన్నాయి. విజయనగర పాలనలో తెలుగు నాయకులు, సైనికులు, రైతులు, చేతివృత్తులవారు ఈ ప్రాంతాలకు వచ్చి స్థిరపడ్డారు. 16వ శతాబ్ది చివర పెనుగొండ రాయల పక్షాన జగదేవరాయలు బారామహల్ అనే ఈ సీమను ఏలాడు. తర్వాత ఇది మైసూరు చేతికి, హైదర్ అలీ, టిప్పు సుల్తానుల చేతికి వెళ్లింది.

1792 శ్రీరంగపట్టణం సంధితో బారామహల్ ఈస్టిండియా కంపెనీకి దక్కింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ దాని పాలనాధికారి అయ్యాడు. అతని సహాయకుల్లో ఒకడైన థామస్ మన్రో 1799 దాకా ఈ సీమలోనే పనిచేశాడు, ధర్మపురిలో నివసించాడు. రాయలసీమలో తెలుగువారు ఇప్పటికీ తలుచుకునే మన్రో రైతువారీ పద్ధతిని నేర్చుకున్నది ఇక్కడే. జమీందారు అడ్డం లేకుండా ప్రతి రైతు నుంచి ప్రభుత్వమే నేరుగా శిస్తు తీసుకోవాలంటే, ఏ పొలం ఎవరి సాగులో ఉందో రాసి పెట్టుకోక తప్పదు. ఈ అవసరమే సామాన్య రైతు పేరును ప్రభుత్వ పుస్తకంలోకి తెచ్చింది. ఆనాటి ఉత్తరప్రత్యుత్తరాలు, నివేదికలు బారామహల్ రికార్డ్స్ పేరుతో 1907 నుంచి మద్రాసులో అచ్చయ్యాయి. నివాసుల గురించిన సంపుటం ఒకటి వాటిలో ఉంది. ఇందులో కుటుంబాల పేర్లు దొరకడం అరుదు. ఏ కులాలవారు ఏ వృత్తుల్లో, ఏ ఆచారాలతో బతికారన్నది మాత్రం తెలుస్తుంది.

బారామహల్ తర్వాత సేలం జిల్లాలో కలిసింది. 1965 అక్టోబరు 2న ధర్మపురి వేరే జిల్లా అయింది. 2004లో అందులోంచి కృష్ణగిరి విడిపోయింది. అందుచేత చెట్టికరైకి చెందిన మనిషి వివరం 1870 నాటి కాగితంలో సేలం జిల్లా, ధర్మపురి తాలూకా కింద ఉంటుంది. ధర్మపురి జిల్లా అని వెతికితే ఏమీ కనబడదు. ఊరు, తాలూకా, ఆనాటి జిల్లా మూడూ రాసుకున్న తర్వాతే ఏ దఫ్తరం గడపనైనా తొక్కాలి.

ఇంట్లో, కులంలో ఉన్న ఆధారాలు

అన్వేషణ ఇంటి పెద్దలతో మొదలవుతుంది. తమిళనాడు తెలుగువారిలో ఇంటిపేరు చాలాసార్లు కాగితం మీద ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనీషియల్ అవుతుంది. ఇంటిపేరూ గోత్రమూ పెళ్లి సంబంధాల వేళ మాత్రమే బయటికి వస్తాయి. వాటిని నోటితో మోసుకొచ్చింది ఎక్కువగా ఇంటి ఆడవారే. కాబట్టి నాయనమ్మను, అమ్మమ్మను, మేనత్తను అడగవలసిన మొదటి ప్రశ్నలు ఇవి: మన ఇంటిపేరేమిటి, కులదైవం గుడి ఏ ఊళ్లో ఉంది, మన దాయాదులు ఎవరు, ఏ ఇళ్లతో సంబంధాలు కలుపుకోకూడదు?

కులదైవం గుడి చాలా విలువైన ఆధారం. కుటుంబం పొట్ట చేతబట్టుకుని నాలుగు ఊళ్లు మారినా జాతరకు పాత ఊరికే వెళుతుంది. ఆ జాతర ఖర్చుకు ఇంటి పెద్ద పేరిట వసూలు చేసే తలకట్టు వరి (తమిళంలో వరి అంటే పన్ను) లెక్కలు గుడి పెద్దల దగ్గర ఉంటే, తండ్రి పోయాక కొడుకు పేరు ఏ ఏడు చేరిందో, అన్నదమ్ములు ఎప్పుడు వేరు పడ్డారో అందులో కనిపిస్తుంది.

తెలుగు సమాజంలో వంశాలను గుర్తుపెట్టుకోవడమే వృత్తిగా బతికినవారు ఉన్నారు. భట్రాజులు రాజులకు, సంపన్న కుటుంబాలకు వంశస్తుతి చేశారు. పిచ్చుకుంట్లవారు రెడ్డి, కాపు కుటుంబాల గోత్రాలు, ఇంటిపేర్లు చెప్పారు. పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు, మాదిగలకు డక్కలివారు ఇలాంటి ఆశ్రిత కులాలు. వీరి కథనంలో పురాణమూ చరిత్రా కలిసి ఉంటాయి. మూలపురుషుడి కథను యథాతథంగా చరిత్రగా తీసుకోకూడదు. దగ్గరి తరాల పేర్లను, వలస వచ్చిన ఊళ్ల క్రమాన్ని మాత్రం శ్రద్ధగా రాసుకోవాలి. కాశీ, గయ, ప్రయాగల్లోని పండాల దగ్గర యాత్రికుల పేర్లు, వారి తండ్రి తాతల పేర్లు, ఊళ్లు రాసిన పాత పుస్తకాలుంటాయి. పూర్వం ఇంట్లో ఎవరైనా గయలో పిండం పెట్టి వచ్చారని తెలిస్తే ఆ దారీ చూడాలి.

గ్రామాధికారుల, స్థానిక నాయకుల కుటుంబాలకు మరో వనరు ఉంది. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహచరులు దక్షిణాదిలో ఊరూరా తిరిగి కైఫీయతులు సేకరించారు. ఊరు ఎలా పుట్టింది, ఎవరు కట్టించారు, కరణీకం ఏ వంశానిది అన్న వివరాలు వాటిలో ఉంటాయి. ఆ లిఖిత ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

సంవత్సరాలను సరిచూసుకోవడం

పెద్దలు చెప్పే కాలం అంకెల్లో ఉండదు. జాతకాల్లో, తాళపత్రాల్లో, పాత పత్రాల్లో ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లు ఉంటాయి. ఒకే పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. విక్రమ అంటే 1880-81 కావచ్చు, 1940-41 కావచ్చు, 2000-01 కావచ్చు. మనిషి తరాన్ని బట్టి ఏదో తేల్చుకోవాలి. శాలివాహన శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. రెవెన్యూ కాగితాల్లో వాడే ఫసలీకి 590 కలపాలి. ఫసలీ 1300 అంటే 1890 జూలై 1 నుంచి 1891 జూన్ 30 వరకు.

ఈ సీమలో ప్రతి వంశవృక్షానికీ తగిలే ఏడు ఒకటుంది. 1876-77 ధాత సంవత్సరం. ఆ ఏడు మొదలైన మహా కరువు 1878 దాకా దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. సేలం జిల్లా జనాభా 1871లో సుమారు 19.67 లక్షలు ఉండగా 1881 నాటికి సుమారు 16 లక్షలకు పడిపోయింది. ఈ జిల్లా కుటుంబ చరిత్రల్లో ఒక శాఖ అక్కడితో ఆగిపోతే, ఒక అన్న కానీ మేనమామ కానీ ఆ తర్వాత కనిపించకపోతే, మొదట అనుమానించవలసింది ధాత కరువునే. చనిపోయి ఉండవచ్చు, ఊరు విడిచి ఉండవచ్చు, మద్రాసు రేవులో ఓడ ఎక్కి ఉండవచ్చు.

భూమి రికార్డులు

సొంత పొలమున్న కుటుంబానికి ఇవే వెన్నెముక. సర్వే, సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో సర్వే నంబరు, పాత నంబరు, విస్తీర్ణం, నీటి వసతి, శిస్తు, పట్టా నంబరు, పట్టాదారు పేరు ఉంటాయి. చిట్టాలో ఒక్కో పట్టాదారు కింద ఉన్న భూములన్నీ, అడంగల్‌లో ఏటేటా ఏ పైరు వేశారన్నదీ రాస్తారు. ఒకే నంబరు మీద వరసగా మారిన పేర్లు చూస్తే తండ్రి నుంచి కొడుకులకు, అన్నదమ్ముల వాటాలకు వంశం ఎలా చీలిందో తెలుస్తుంది. దేవుడి మాన్యమో, వృత్తి మాన్యమో ఉన్న కుటుంబమైతే 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ రిజిస్టర్లు చూడాలి. మాన్యం ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, అప్పటి అనుభవదారు ఎవరు అన్న వివరాలు వాటిలో దొరుకుతాయి.

రెండు చిక్కులు ముందే తెలిసి ఉండాలి. మొదటిది మిట్టా గ్రామాలు. 1802 తర్వాత శాశ్వత శిస్తు పద్ధతి కింద సేలం, బారామహల్ గ్రామాలను మిట్టాలుగా కట్టి వేలం వేశారు. చాలా మిట్టాలు నిలవక ప్రభుత్వానికే తిరిగి వచ్చాయి. నిలిచిన చోట మాత్రం రైతుల పేర్లు మిట్టాదారు లెక్కల్లో ఉండేవి, ప్రభుత్వ లెక్కల్లో ఉండేవి కావు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంట్‌లోనే అలాంటి ఊళ్ల రైతులు ప్రభుత్వ పుస్తకంలోకి వచ్చారు. రెండోది నంబర్ల మార్పు. 1980లలో తమిళనాడులో భూమి రిజిస్టర్లను సవరించినప్పుడు చాలా చోట్ల పాత సర్వే నంబర్లకు కొత్తవి వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో చూపే పట్టికను తాలూకా కార్యాలయంలో అడిగి చూసుకోవాలి.

వంశపారంపర్య కరణాల, మునసబుల పదవులు తమిళనాడులో 1980లో, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యాయి. అంతకు ముందు ఊరి లెక్కల కవిలె కట్టలు కరణం ఇంటి అటక మీదే ఉండేవి. అందువల్ల పాత కరణాల వారసులను కలిసి మర్యాదగా అడగడం కూడా అన్వేషణలో భాగమే. జిల్లా స్థాయి పాత రికార్డులకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖాగారానికి వెళ్లాలి.

రిజిస్ట్రేషన్ దస్తావేజులు

పట్టా పేరు మాత్రమే చెబుతుంది. దస్తావేజు సంబంధం చెబుతుంది. ఫలానావారి మనుమడు, ఫలానావారి కుమారుడు, ఫలానా ఊరి కాపురస్తుడు అని మూడు తరాలను ఒక్క వాక్యంలో కట్టేస్తుంది. అమ్మకం, తనఖా, భాగపరిష్కారం, దానపత్రం లాంటి స్థిరాస్తి పత్రాల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని ఒకటో పుస్తకంలో ఉంటాయి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రుసుము కట్టి ఈ పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడో పుస్తకంలో ఉంటాయి. వాటిని రాసినవారు మరణించాక, అర్జీ పెట్టుకున్నవారికి నకలు ఇస్తారు. సంతానం లేక దత్తత చేసుకున్న కుటుంబాల్లో వంశవృక్షం ఎందుకు పక్కకు తిరిగిందో తెలిపేది ఈ మూడో పుస్తకమే. భాగపరిష్కార పత్రం అన్నిటికన్నా విలువైనది. అన్నదమ్ముల పేర్లు, వయసులు, తల్లి పోషణకు వదిలిన వాటా, పెళ్లి కాని చెల్లెలి ఖర్చుకు పెట్టిన సొమ్ము, బావిలో వంతు, చింతచెట్టు మీద హక్కు దాకా అందులో ఉంటాయి.

జనన మరణాలు, జనాభా లెక్కలు, ఓటర్ల జాబితాలు

మద్రాసు రాష్ట్రంలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో గ్రామ మునసబు రిజిస్టరు రాసేవాడు. పుట్టిన వెంటనే నమోదు చేయడం వల్ల బిడ్డ పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. తండ్రి పేరు, తేదీ, ఆడో మగో మాత్రమే తెలుస్తాయి. కాబట్టి బిడ్డ పేరుతో కాక తండ్రి పేరుతో వెతకాలి. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది.

ఇంగ్లండులో 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లు భద్రపరిచారు. అక్కడి వంశ చరిత్రకారులకు అదే ప్రధాన ఆధారం. మన జనాభా లెక్కల్లో వ్యక్తుల వివరాలు ఎవరికీ ఇవ్వరు, మొత్తం అంకెలే అచ్చవుతాయి. అందువల్ల ఇతర దేశాల పద్ధతి పుస్తకాలు ఇక్కడ యథాతథంగా పనికిరావు. ఆ లోటును కొంతవరకు తీర్చేవి ఓటర్ల జాబితాలు. 1951-52 తొలి సాధారణ ఎన్నికల నుంచి వయోజనులందరికీ ఓటు వచ్చింది గనుక భూమిలేని కుటుంబాలు కూడా ఇంటి నంబరుతో సహా కాగితమెక్కాయి.

ఓడ రిజిస్టర్లు

సముద్రం దాటిన పేదవాడి వివరాలు ఊళ్లో ఉన్న మోతుబరి వివరాల కంటే ఎక్కువగా మిగిలాయి. ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు అన్నీ అధికారులు రాసుకున్నారు. మనుషులను సరుకులా లెక్కపెట్టిన ఏర్పాటు అది. ఆ లెక్కే ఈనాడు వారి మునిమనుమలకు ఊరి దారి చూపుతోంది.

మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 342 మందితో 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నాటాల్ రేవు డర్బన్ చేరింది. 1911 వరకు మొత్తం 1,52,184 మంది నాటాల్‌కు వెళ్లారు. వారిలో తమిళులతో పాటు తెలుగువారు చాలామంది. ఓడ జాబితాల్లో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉంటుంది. పెళ్లి, మరణం, స్వదేశానికి తిరుగు ప్రయాణం వంటి తర్వాతి కాగితాలన్నీ ఆ నంబరుతోనే ముడిపడి ఉంటాయి. అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకున్నారు. ఫిజీకి 1879లో కలకత్తా నుంచి వలస మొదలైంది. 1903 నుంచి మద్రాసు ఓడలూ వెళ్లాయి. అక్కడి ప్రవాస పత్రాల్లో ఊళ్లో మిగిలిన దగ్గరి బంధువు పేరు కూడా ఉంటుంది. ఆ ఒక్క గడి రెండు ఖండాల కుటుంబాలను కలపగలదు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల తర్వాతి వలసదారుల ఫోటోలు కూడా అక్కడ ఉన్నాయి. సింహళం, మలయా తోటలకు కంగాణీల (కూలీలను కూర్చి తీసుకెళ్లే మేస్త్రీల) వెంట వెళ్లినవారికి ఇంత వివరమైన పత్రాలు లేవు. తోటల లెక్కలు, గుళ్ల విరాళాల జాబితాలు, కుటుంబ ఉత్తరాల మీద ఆధారపడాలి.

విదేశాల్లో నాయుడు, రెడ్డి అన్న కుల బిరుదులే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. వాటిని పట్టుకుని ఇక్కడి వంశాన్ని చేరుకోలేరు. కాగితంలో సేలం జిల్లా అని ఉంటే ఇప్పటి సేలం, నామక్కల్, ధర్మపురి, కృష్ణగిరి, తిరుపత్తూరు జిల్లాలను చూడాలి. తాలూకా పేరు ధర్మపురి అని ఉంటే వెతకవలసిన చోటు చాలా చిన్నదవుతుంది.

సైనిక, చర్చి రికార్డులు

మొదటి, రెండో ప్రపంచ యుద్ధాల్లో మరణించిన భారతీయ సైనికుల వివరాలను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం ఉచితంగా చూపుతుంది. తండ్రి పేరు, ఊరు చాలా నమోదుల్లో ఉన్నాయి. మొదటి యుద్ధానికి ఒక్కో ఊరి నుంచి ఎంతమంది వెళ్లారు, ఎంతమంది మరణించారు అని చెక్కిన రాతి పలకలు పాత మద్రాసు రాష్ట్రంలోని కొన్ని గ్రామాల్లో ఇప్పటికీ ఉన్నాయి. క్రైస్తవం తీసుకున్న కుటుంబాలకు జ్ఞానస్నానం, వివాహం, సమాధి రిజిస్టర్లు మూడూ కలిసి వంశవృక్షాన్నే ఇస్తాయి.

ఆడవారు, భూమిలేనివారు

పాత కాగితాల్లో ఆడవారు భార్యగా, తల్లిగా, విధవగా మాత్రమే కనిపిస్తారు. తొలి ఓటర్ల జాబితాల సమయంలో తమ పేరు చెప్పక ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని మాత్రమే రాయించుకున్నందుకు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీలు జాబితాకెక్కలేదు. పూర్వపు అవ్వల పేర్లకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి దానపత్రాలు, మనోవర్తి దావాలు, వీలునామాలు చూడాలి. తర్వాతి కాలానికి ఇబ్బంది తగ్గుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టం, 1989 తమిళనాడు సవరణ కూతుళ్లకు వాటా ఇచ్చాయి. అప్పటి నుంచి ఆస్తి పత్రాల్లో కూతుళ్ల సంతకాలు, అత్తవారి ఊళ్లు కనిపిస్తాయి. హక్కు వదులుకున్న విడుదల పత్రంలోనైనా పేరు మిగిలింది.

తెలుగు మాట్లాడే అరుంధతీయుల వంటి సమాజాలకు భూమి రికార్డు దాదాపు లేదు. వారి జాడ ఓడ జాబితాల్లో, సైన్యంలో, చర్చి పుస్తకాల్లో, తోటల లెక్కల్లో దొరికే అవకాశం ఎక్కువ. 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద కొన్ని సంచార కులాల పేర్లను పోలీసులు రిజిస్టర్లలోకి ఎక్కించారు. ఏ తప్పూ చేయనివారిని పుట్టుకతోనే దోషులుగా రాసిన ఆ పుస్తకాలను చదివేటప్పుడు పేరు, ఊరు, కుటుంబం వరకే తీసుకోవాలి. అందులోని నిందను వంశ చరిత్రలోకి రానీయకూడదు.

సరిపోల్చే పద్ధతి

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒకే పేరు ఒక తరం విడిచి ఒక తరంలో వస్తుంది. దాయాదుల ఇళ్లలోనూ అదే పేరు ఉంటుంది. తమిళ లిపిలో క, గ వంటి అక్షరాలకు తేడా లేదు. ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి వినబడినట్టు రాశారు. వయసులు ఉజ్జాయింపుగా చెప్పినవి. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదు. పేరు, తండ్రి పేరు, ఊరు కలవాలి. పొలం సర్వే నంబరో, భార్య పేరో, కులదైవమో మరొకటి తోడవ్వాలి. ప్రతి వివరం పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో, ఎవరు చెప్పారో రాయాలి. తెలిసినదాన్నీ ఊహించినదాన్నీ వేరుగా ఉంచాలి.

డీఎన్ఏ పరీక్షలు ఇటీవల అందుబాటులోకి వచ్చాయి. విదేశాల్లోని శాఖలను గుర్తించడానికి అవి సాయపడతాయి. మేనరికాలు తరతరాలుగా సాగిన మన కుటుంబాల్లో దూరపు బంధువులు కూడా ఉన్నదానికంటే దగ్గరివారిగా కనిపిస్తారు. కాగితం ఆధారం తోడు లేకుండా ఆ ఫలితాన్ని నమ్మకూడదు.

ప్రస్తుత పరిస్థితి

తమిళనాడులో పట్టా, చిట్టా వివరాలు, ఇటీవలి దశాబ్దాల ఆస్తి లావాదేవీల జాబితా ఆన్‌లైన్‌లో లభిస్తున్నాయి. అంతకు ముందరివి ఇంకా కట్టల్లోనే ఉన్నాయి. ఇళ్లలోని తెలుగు తాళపత్రాలు, ఉత్తరాలు మరింత ప్రమాదంలో ఉన్నాయి, ఎందుకంటే వాటి వారసుల్లో చాలామందికి తెలుగు మాట రాదని కాదు, తెలుగు అక్షరం రాదు. చదవలేని కాగితాన్ని చెత్త అనుకోవడం సహజం. వాటిని పారేయకుండా ఫోటో తీసి, చదవగలిగినవారికి చూపడం ప్రతి కుటుంబం చేయగల పని.

సర్కారు కాగితం రేపటికీ దఫ్తరంలో ఉంటుంది. ఎనభై ఏళ్ల పెద్దావిడకు తెలిసిన ఇంటిపేరు, గోత్రం, వచ్చిన ఊరు మరే పుస్తకంలోనూ లేవు. అన్వేషణ మొదలుపెట్టదలచినవారు తాలూకా కార్యాలయానికి వెళ్లే ముందు ఆమె దగ్గర కూర్చోవాలి. చెప్పిన ప్రతి పేరూ, ప్రతి ఊరూ రాసుకుని, తేదీ వేసి, దాయాదులందరికీ ఒక్కో ప్రతి ఇవ్వాలి.